వేదాద్రి – పంచనారసింహ క్షేత్రము

నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా సాగిపోవు యాత్రికులలో అనేకులు, దక్షిణమున కొలది దూరములోనే కృష్ణవేణి యొడ్డున వేదాద్రి కలదని తలంపక ముందుకేగుదురు. 2022 నుండి ఈ సీమ ఎన్టీఆర్ జిల్లాలో చేరినది.

సోమకాసురుని చెర నుండి మత్స్యమూర్తి విడిపించిన వేదములు, స్వామి సాన్నిధ్యమును కోరి ఇచట గిరిరూపమున నిలిచినవని స్థలపురాణము. నృసింహావతారము వరకు అవి వేచియుండవలసి వచ్చినది. పిదప స్వామి జ్వాలా, సాలగ్రామ, యోగానంద, వీర, లక్ష్మీ నరసింహులుగా వెలసినాడు. యోగానందమూర్తిని ఋష్యశృంగ మహర్షి ప్రతిష్ఠించెనని ప్రతీతి.

జ్వాలామూర్తి కొండపై, సాలగ్రామమూర్తి నదిలో కొలువైనారు. వరదకాలమున దర్శనమునకై నీట దిగుట ప్రాణాపాయము. గట్టుననే నిలిచి నమస్కరింపవలెను. వేదములే వేచిన చోట భక్తుడు కొన్నినాళ్లు వేచియుండలేడా?