మూడు నిమిషాల వీడియో ఎన్ని ఎంబీ ఉండాలి?



పోయిన నెల సైన్స్ ప్రాజెక్టు వీడియోల కోసం క్లాస్ గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ మీకు గుర్తుండే ఉంటుంది. "వీడియో ఐదు నిమిషాలు ఉండాలి, 16 ఎంబీ దాటకూడదు" అని రాశాను. ఆ 16 నేను లెక్క వేసి పెట్టిన అంకె కాదు. వాట్సాప్‌లో వీడియోకి చాలాకాలం అదే హద్దు కాబట్టి అలవాటుగా రాసేశాను. దాని వల్ల ఏమైందో మీకు చెప్పాలి. అందులో తప్పు పిల్లలది కాదు, మీదీ కాదు.

మా ఏడో తరగతి అమ్మాయి ఒకరు ఇంట్లో నల్లా నీళ్లు, బోరు నీళ్లు రెండింటినీ టీడీఎస్ మీటరుతో పది రోజులు కొలిచి చార్టు వేసింది. చాలా ఓపికతో చేసిన పని. వీడియోలో మాత్రం ఆ చార్టు మీద 6 ఏదో, 8 ఏదో తెలియలేదు. "చార్టు స్పష్టంగా లేదు" అని నేను మార్కులు తగ్గించాను. మర్నాడు ఆ అమ్మాయి అసలు చార్టు చుట్టి తెచ్చి నా టేబుల్ మీద పరిచింది. ఒక్క మాట కూడా అనలేదు. అంకెలన్నీ అచ్చు వేసినట్టున్నాయి. మార్కులు సరిచేశాను. ఆ సాయంత్రం కూర్చుని, నేనడిగిన సైజుకి అసలు అర్థం ఏమిటో లెక్క వేశాను.

లెక్క పెద్దదేం కాదండి, మన ఏడో తరగతి పిల్లలు చేసేస్తారు. నల్లా తిప్పి బకెట్ నింపడం లాంటిదే. నీళ్లు ఎంత జోరుగా వస్తున్నాయి, ఎంతసేపు వదిలాం అన్నదాన్ని బట్టి బకెట్ నిండుతుంది. వీడియోలో ఆ జోరు పేరు బిట్ రేట్, అంటే ఒక్క సెకను దృశ్యం కోసం ఎన్ని బిట్లు రాస్తున్నామన్నది. దాన్ని సెకన్లతో గుణించాలి. ఇక్కడ ఒక చిక్కుంది. బిట్ రేట్‌ని మెగాబిట్లలో చెప్తారు, ఫైల్ సైజుని మెగాబైట్లలో చెప్తారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి గుణించి వచ్చిన దాన్ని 8తో భాగించాలి. ఇంటర్నెట్ కనెక్షన్ స్పీడు దగ్గర కూడా చాలామంది పొరపడేది ఇక్కడే.

ఇప్పుడు నా మెసేజ్‌ని ఈ లెక్కలో పెట్టి చూడండి. 16 మెగాబైట్లంటే 128 మెగాబిట్లు. ఐదు నిమిషాలంటే 300 సెకన్లు. సెకనుకు వచ్చేది 427 కిలోబిట్లు. అందులో మాటల శబ్దానికే 128 కిలోబిట్లు పోతే బొమ్మకు మిగిలింది 300. చాలా ఫోన్లు 1080పీలో తీసేటప్పుడు సెకనుకు సుమారు 17 మెగాబిట్లు, అంటే 17,000 కిలోబిట్లు రాస్తాయి. నేను యాభైలో ఒక వంతు కూడా మిగల్చలేదు. ఆ వీడియోలో 6, 8 కలిసిపోక ఏమవుతాయి!

అలాగని తీసింది తీసినట్టు పంపమంటే ఇంకో ఇబ్బంది. అదే 17 మెగాబిట్ల లెక్కన మూడు నిమిషాల వీడియో 380 ఎంబీ దాటుతుంది. రోజుకి 1.5 జీబీ ప్లాన్ వేసుకున్నవాళ్లకి అందులో నాలుగో వంతు ఒక్క ప్రాజెక్టుకే అయిపోతుంది. నలభై మంది పిల్లలవి కలిపితే 15 జీబీ, మా క్లాస్ ట్యాబ్ కూడా మొరాయిస్తుంది.

అందుకే ఈసారి ఇంగ్లిష్ పేజీలోని సర్క్యులర్‌లో మూడు నిమిషాలు, 720పీ, 50 ఎంబీ లోపు అని పెట్టాం. 720పీ అంటే ఒక ఫ్రేములో 1280 అడ్డం, 720 నిలువు, మొత్తం 9 లక్షల 21 వేల చుక్కలు. 1080పీలో 20 లక్షల 73 వేలు. సగం కంటే తక్కువ చుక్కలు కాబట్టి ఉన్న బిట్లు వాటికి సరిపోతాయి. సెకనుకు 2 మెగాబిట్లు ఇస్తే 180 సెకన్లకు 45 ఎంబీ, శబ్దానికి ఇంకో 3. పిల్లవాడు నిలబడి చార్టు చూపిస్తూ మాట్లాడే వీడియోకి ఇది చాలు. తక్కువ బిట్లతో 1080పీ పంపేకంటే, సరిపడా బిట్లున్న 720పీ మా స్మార్ట్ బోర్డు మీద బాగా కనిపిస్తుంది. పెద్ద అంకె కనిపిస్తే అదే గొప్పదనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని.

సైజు ఒకటే అయినా అన్ని వీడియోలూ ఒకలా రావు. దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను. మెట్రో రైలు బ్రేకు వేసినప్పుడు కరెంటు ఎలా పుడుతుందో చెప్పిన అబ్బాయి, ఎల్బీ నగర్‌లో వాళ్ల డాబా మీద, వెనక రైళ్లు, బస్సులు, ఆటోలు కనిపించేలా నిలబడ్డాడు. ఐడియా బాగుంది. కానీ వీడియోని కుదించే పద్ధతి ఎలా పనిచేస్తుందంటే, మొదట ఒక ఫ్రేము పూర్తిగా రాసుకుంటుంది. ఆ తర్వాతి ఫ్రేముల్లో మారినంత మేర మాత్రమే రాస్తుంది. వెనక తెల్ల గోడ ఉంటే మారేది ఏమీ ఉండదు, కాబట్టి బిట్లన్నీ మొహానికి, చేతిలోని మోడల్‌కి దక్కుతాయి. వెనక ట్రాఫిక్ ఉంటే ప్రతి ఫ్రేములోనూ అంతా మారుతూనే ఉంటుంది. బిట్లు ఆటోలకి, ఊగే వేపాకులకి ఖర్చయిపోయి, అబ్బాయి మొహం గళ్లు గళ్లుగా మిగిలింది. చేత్తో పట్టుకున్న ఫోన్ వణికినా ఇదే నష్టం. ఫోన్‌ని నాలుగు పుస్తకాలకు ఆనించి, గోడ ముందు, పగటి వెలుతురులో తీయండి. చీకట్లో తీస్తే వచ్చే సన్నటి గింజల్లాంటి మచ్చలు కూడా కదలికే, అవి కూడా బిట్లు తింటాయి.

మా చిన్నప్పుడు సినిమా వీసీడీలు ఒక్కో సినిమాకి రెండో మూడో వచ్చేవి, గుర్తుందా? వీసీడీలో బొమ్మకి సెకనుకు 1150 కిలోబిట్లని ముందే ఖాయం చేశారు. ఒక డిస్కులో పట్టేది 74 నిమిషాలు. రెండుంబావు గంటల సినిమా రెండింటిలో సరిపోయేది, మన పెద్ద సినిమా రెండుంముప్పావు గంటలైతే మూడోది కావాల్సిందే. ఫైట్ సీన్లలో తెర గళ్లు పడేది కూడా ఈ కారణం వల్లే.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. "ఫాస్ట్ 720పీ30" ఎంచుకుని, వీడియో పేజీలో యావరేజ్ బిట్ రేట్ దగ్గర 2000 అని కొడితే సరిపోతుంది. ఫార్మాట్ హెచ్.264 ఉంచండి. 2013లో వచ్చిన హెచ్.265 అదే నాణ్యతని దాదాపు సగం సైజులో ఇస్తుంది గానీ, మా క్లాసుల్లోని పాత కంప్యూటర్లు కొన్ని దాన్ని తెరవలేవు. ల్యాప్‌టాప్ లేకపోతే వాట్సాప్‌లోనే హెచ్‌డీ గుర్తు నొక్కి పంపండి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. ఒకసారి కుదించిన వీడియోని మళ్లీ కుదించొద్దు. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు, ప్రతిసారీ ఇంకొంత పోతుంది. ఎప్పుడూ అసలు ఫైల్ నుంచే చేయండి, కుదించిన దాన్ని ఎవరికైనా పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షోరూంలో పనిచేసే ఒక నాన్నగారు పోయిన పీటీఎంలో అందరూ వెళ్లేదాకా ఆగారు. "మేడమ్, ఫోన్‌ల జాగ లేదంటే ఊరి వీడియోలు తీసేసిన. అండ్ల మా నాయిన మాటలు ఉండె" అన్నారు. ఆ పెద్దాయన పోయిన ఏడాదే కాలం చేశారట. గ్యాలరీ ట్రాష్‌లో ఉంటాయేమో చూద్దామన్నాను. డిలీట్ చేసినా జాగా పెరగలేదని ట్రాష్ కూడా ఆయనే ఖాళీ చేశారట. ట్రాష్‌లో ఉన్నంతసేపూ ఆ ఫైళ్లు స్థలం ఆక్రమించే ఉంటాయని ఆయనకు ఎవరు చెప్తారు? చివరికి వాళ్ల చెల్లెలి వాట్సాప్‌లో ఎప్పుడో పంపిన ఒక వీడియో దొరికింది. చిన్న సైజుది, బొమ్మ మసక మసకగా ఉంది. గొంతు మాత్రం శుభ్రంగా వినిపించింది. మాటకి తక్కువ బిట్లు చాలు కదా. స్టాఫ్ రూమ్ బయట నిలబడి ఆయన దాన్ని రెండుసార్లు విన్నారు.

కాబట్టి దయచేసి మా ప్రాజెక్టు కోసం మీ ఫోన్‌లో ఏదీ తీసేయకండి. జాగా లేకపోతే గ్రూపులో కాకుండా నాకు విడిగా ఒక్క మెసేజ్ పెట్టండి. పాపనో బాబునో మోడల్‌తో శనివారం మధ్యాహ్నం సైన్స్ ల్యాబ్‌కి పంపితే స్కూల్ ట్యాబ్‌లో నేనే తీస్తాను. ఈ కారణంగా మార్కులేవీ తగ్గించం. మిగతావాళ్లు మొత్తం వీడియో తీసే ముందు పది సెకన్లు తీసి, కుదించి, చార్టు మీది అంకెలు చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి. చదవలేకపోతే సైజు పెంచొద్దు, ఫోన్‌ని చార్టుకి ఇంకో అడుగు దగ్గరగా జరపండి.