ఆఫీసుకు ఈ-మెయిల్ రాయడం ఎలా?



హాస్టల్‌లో ఉన్నప్పుడు మనకు సెలవు చీటీ రాయడం వచ్చు. స్టడీ సర్టిఫికెట్ కావాలని హెడ్మాస్టరు గారికి అర్జీ రాయడం వచ్చు. పరీక్షలో లేఖారచన వస్తే మార్కులు పోగొట్టుకోలేదు. కానీ డిగ్రీ, పి.జి. చదివి ఉద్యోగంలో చేరగానే మనలో చాలామందిని మొదటి వారంలో భయపెట్టేది పని కాదు, ఈ-మెయిల్. ఏమని మొదలుపెట్టాలి, తప్పు రాస్తే నవ్వుతారేమో అని కంప్యూటర్ ముందు గంటసేపు కూర్చునేవాళ్ళు ఉన్నారు. వారి కోసం, రేపు అక్కడికి వెళ్ళబోయే తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం మేము నేర్చుకున్న నాలుగు విషయాలు ఇక్కడ రాస్తున్నాం.

ఈ భయం ఎక్కడిది?

మా ఇళ్ళలో కాగితం అంటే వేరేవాళ్ళు రాసేది, మనవాళ్ళు వేలిముద్ర వేసేది. తహసీల్దారు ఆఫీసు బయట ఎవరో రాసిచ్చిన అర్జీకి డబ్బులిచ్చి, అందులో ఏముందో తెలియకుండానే లోపల ఇచ్చి వచ్చిన తరం మా అమ్మానాన్నలది. ఆ అర్జీల్లో అడిగినదానికంటే బతిమాలుకున్నదే ఎక్కువ. ఇంట్లో మొదటిగా చదువుకున్న మనకు కూడా తెలియకుండానే ఆ అలవాటు వచ్చింది. మెయిల్ రాయడం నేర్చుకోవడమంటే ముందుగా ఒక్క తేడా తెలుసుకోవడం: బతిమాలడం వేరు, అడగడం వేరు.

మన ప్రాంతానికి సూటిగా రాయడం కొత్త కాదు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేశారు. ఆయుధాలు తీసుకుని, తీసుకున్నవాటి వివరం స్టేషను రికార్డులో రాసి సంతకం పెట్టారని చెబుతారు. వస్తున్నానని ముందుగానే 'మిరపకాయ టపా' పంపేవారని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1924 మే 7న మన కొయ్యూరులోనే ఆయన తుపాకీ గుండ్లకు బలయ్యారు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, కింద సంతకం – ఆఫీసు మెయిల్‌కు కావలసినవి కూడా ఈ నాలుగే.

ఈ-మెయిల్ విలువ

1971లో అమెరికా ఇంజినీరు రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుండి మరో కంప్యూటర్‌కు నెట్‌వర్క్ ద్వారా మొదటి ఈ-మెయిల్ పంపారు. పేరుకూ కంప్యూటర్‌కూ మధ్య 'ఎట్' గుర్తు పెట్టింది ఆయనే. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైంది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న రాతకు గుర్తింపు ఇచ్చింది. నోటిమాటలు నీటిమూటలు కావచ్చు గానీ మెయిల్ తేదీతో, సమయంతో సహా నిలిచి ఉంటుంది. 'నాకు చెప్పలేదే' అని ఎవరూ అనలేరు. ఆ బలం మనకూ ఉంటుంది, అవతలివారికీ ఉంటుంది. అందుకే జాగ్రత్తగా రాయాలి.

మెయిల్‌లోని భాగాలు

1. సొంత అడ్రసు: మనలో చాలామంది మొదటి మెయిల్ ఐ.డి. నెట్ సెంటర్ వారు తయారుచేసిందే. పాస్‌వర్డ్ వారి దగ్గర, ఫోన్ నంబరు వారిది. ఇంటర్వ్యూ పిలుపు అక్కడికే వెళ్తుంది, మనకు తెలియదు. కాబట్టి మన ఫోన్ నంబరుతో, మన పేరుతో ఐ.డి. తెరవాలి. 'రౌడీబాయ్', 'స్వీటీ' లాంటి పేర్లు వద్దు. స్పామ్ ఫోల్డరు కూడా చూస్తుండాలి.

2. టు, సీసీ, బీసీసీ: పని చేయవలసినవారు 'టు'లో, తెలిస్తే చాలు అనుకున్నవారు 'సీసీ'లో ఉండాలి. సీసీ అంటే కార్బన్ కాపీ. టైపు మిషన్ల కాలంలో కాగితాల మధ్య కార్బన్ పెట్టి ప్రతులు తీసిన రోజుల మాట అది. 'బీసీసీ'లో ఉన్నవారి పేరు మిగతావారికి కనిపించదు. 'రిప్లై ఆల్' నొక్కేముందు అందరికీ అవసరమా అని ఆలోచించాలి.

3. సబ్జెక్ట్: ఖాళీగా వదలకూడదు. 'అర్జెంట్', 'రిక్వెస్ట్' అని మాత్రమే రాస్తే ఏమీ తెలియదు. 'జూన్ 12, 13 తేదీలకు సెలవు' అంటే తెరవకముందే విషయం తెలుస్తుంది.

4. సంబోధన: పేరు తెలిస్తే పేరుతో, తెలియకపోతే 'డియర్ సర్ ఆర్ మేడమ్' చాలు. కంపెనీల్లో పెద్దవారిని కూడా పేరు పెట్టి పిలిచే పద్ధతి ఉంటుంది. అక్కడ అది అమర్యాద కాదు.

5. విషయం: అడగదలచుకున్నది మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పాలి. కారణం తర్వాత. ఒక మెయిల్‌లో ఒకే పని. ఎస్.ఎమ్.ఎస్. భాష వద్దు.

6. అటాచ్‌మెంట్: ఫైలుకు మన పేరు, అది ఏ సర్టిఫికెట్టో పేరుగా పెట్టాలి. ముందు ఫైలు జతచేసి, తర్వాత విషయం రాసి, అవతలివారి అడ్రసు చివర్లో వేస్తే ఫైలు మరిచిపోవడం ఉండదు.

7. ముగింపు: 'థాంక్యూ', కింద పూర్తి పేరు, ఫోన్ నంబరు, ఉద్యోగి నంబరు గానీ దరఖాస్తు నంబరు గానీ రాయాలి.

ఒక ఉదాహరణ

పి.జి.లో మా మిత్రుడొకరికి ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్లు ఫలానా తేదీలోగా పంపమని మెయిల్ పెట్టారు. అతను కొండమీద తన ఊళ్ళో ఉన్నాడు. వారం రోజులు వాన, కరెంటు లేదు, సిగ్నల్ లేదు. నర్సీపట్నం దిగి ఫోన్ చూసేసరికి గడువు దాటి రెండు రోజులైంది. 'ఇంకేముంది, పోయింది' అన్నారందరూ. అతను మొదట రాసింది ఇలా ఉంది:

'గౌరవనీయులైన అయ్యగారికి నమస్కరించి రాయునది. నేను చాలా పేద గిరిజన కుటుంబంలో పుట్టాను. మా తల్లిదండ్రులు కూలి పని చేస్తారు. ఈ ఉద్యోగం మీదే మా కుటుంబం ఆధారపడి ఉంది. తమరు దయతలచి...'

ఇందులో అబద్ధం ఏదీ లేదు. కానీ రోజుకు వందల మెయిళ్ళు చూసే మనిషికి ఇతను ఎవరు, ఏం కావాలి అన్నది పది వాక్యాలు చదివినా దొరకదు. అందరం కూర్చుని మళ్ళీ రాశాం. ఇంగ్లీషులో పంపినదాని సారాంశం ఇది:

'సబ్జెక్ట్: సర్టిఫికెట్ల గడువు 4 రోజులు పొడిగించగలరు – దరఖాస్తు నంబరుతో.
సర్టిఫికెట్లు పంపడానికి నాకు శుక్రవారం వరకు గడువు ఇవ్వమని కోరుతున్నాను. మా గ్రామంలో వర్షాల వల్ల వారం రోజులు ఫోన్ సిగ్నల్ లేనందున మీ మెయిల్ ఈ రోజే చూశాను. పదవ తరగతి, డిగ్రీ సర్టిఫికెట్లు జతచేశాను. ప్రొవిజనల్ సర్టిఫికెట్ యూనివర్సిటీ నుండి తీసుకుని శుక్రవారంలోగా పంపుతాను. ఉద్యోగంలో చేరడానికి సిద్ధంగా ఉన్నాను.'

మర్నాడే జవాబు వచ్చింది, గడువు ఇచ్చారు. ఇప్పుడు అతను అక్కడే పనిచేస్తున్నాడు. పేదరికం దాచమని మేము చెప్పడం లేదు. అడిగిన పనికి కావలసిన కారణం చెప్పాలి, మిగతాది అక్కర్లేదు. 'సిగ్నల్ లేదు' అన్నది కారణం. అది చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలు

కోపంగా ఉన్నప్పుడు రాసిన మెయిల్ డ్రాఫ్ట్‌లో ఉంచి, ఉదయం చదివి పంపాలి. అడ్రసు ముందే వేయకపోతే పొరపాటున కూడా వెళ్ళదు. 'ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్' అని రాసేకంటే ఏం చేయాలో చెప్పడం మేలు. జవాబు రాకపోతే రెండు మూడు రోజుల తర్వాత అదే మెయిల్ మీద మర్యాదగా గుర్తుచేయవచ్చు. పై అధికారి నోటితో చెప్పిన పనిని 'మీరు చెప్పిన ప్రకారం ఈ పని సోమవారానికి పూర్తిచేస్తాను' అని రాసి పంపితే తర్వాత తగవు ఉండదు. ఇంగ్లీషు పెద్ద పెద్ద మాటలతో ఉండనక్కర్లేదు. చిన్న వాక్యం, సరైన తేదీ, సరైన పేరు ఉంటే చాలు.

ఊరికి కూడా ఉపయోగం

ఈ విద్య జీతం కోసమే కాదు. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం దరఖాస్తును ఎలక్ట్రానిక్ రూపంలో కూడా ఇవ్వవచ్చు. ఎందుకు అడుగుతున్నామో కారణం చెప్పనక్కర్లేదు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 1966 చట్టంతో తెలుగు మన రాష్ట్ర అధికార భాష అయింది. కాబట్టి ప్రభుత్వ ఆఫీసుకు తెలుగులోనే మెయిల్ రాయవచ్చు. ఊరి రోడ్డు గురించి, రాని స్కాలర్‌షిప్ గురించి, అమ్మమ్మ పింఛను గురించి మనమే రాయగలిగితే, మన పెద్దలు వేరొకరి చేతిరాత కింద వేలిముద్ర వేయవలసిన అవసరం ఉండదు. రాసింది వారికి చదివి వినిపించి, సరే అన్నాకే పంపాలి సుమా!

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! దీనికి ఉద్యోగం వచ్చేదాకా ఆగవద్దు. ఇకమీదట వార్డెన్ గారికి ఇచ్చే సెలవు చీటీలోనే మొదటి వాక్యంలో ఏం కావాలో, ఏ తేదీల్లో కావాలో రాయండి. రాశాక పక్క మంచం మిత్రునికి చూపించండి. అతనికి ఒక్కసారి చదవగానే అర్థమైతే మీకు మెయిల్ రాయడం వచ్చినట్లే.