మూర్ఛరోగముగల బిడ్డ, ఆ బిడ్డ తండ్రి, మన సంఘము

చదువవలసిన భాగము: మార్కు సువార్త 9వ అధ్యాయము, 14 నుండి 29 వరకు వచనములు.



ఈ నెల పాఠభాగము మనకు క్రొత్తది కాదు. కొండ దిగి వచ్చిన ప్రభువు నెదుటికి ఒక తండ్రి తన కుమారుని తీసికొని వచ్చెను. ఆ పిల్లవాడు నేలపడి, నురుగు కార్చుచు, గిలగిల కొట్టుకొనుచుండెను. శిష్యులు ఏమియు చేయలేకపోయిరి, శాస్త్రులు వాదించుచుండిరి, జనులు గుంపుగూడి చూచుచుండిరి. ఇట్టి దృశ్యమును మనలో అనేకులము బడిలోనో, బస్సుస్టాండులోనో, ఒక్కొక్కప్పుడు ఆరాధనలోనో చూచియున్నాము. దానిని మనము మూర్ఛ యనియు, ఫిట్స్ అనియు చెప్పుదుము.

ఆ గందరగోళములో ప్రభువు చేసిన పని యేమి? ఆయన ఆ తండ్రిని ఒక ప్రశ్న యడిగెను. ఇది ఎంత కాలమునుండి ఉన్నదని విచారించెను. తండ్రి, చిన్నతనమునుండియే యని చెప్పి, బిడ్డ పలుమారు నిప్పులోను నీళ్లలోను పడిన సంగతి తెలిపెను. నేడు ఏ వైద్యుడైనను మొదట అడుగు ప్రశ్న ఇదియే. వాదించుటకు ముందు విచారించుట, నిందించుటకు ముందు వినుట మన ప్రభువు పద్ధతి.

మన పద్ధతి యెట్లున్నదో ఒక సంగతి చెప్పి ఒప్పుకొనవలసియున్నది. మా సంఘములో ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక మందు వాడుచు పదునాలుగు నెలలు మూర్ఛ లేకుండ నుండెను. ఒక కూడికలో ఆమె కొరకు ప్రార్థన జరిగినది. ఇక మాత్రలు మ్రింగుట అవిశ్వాసమని కొందరు తల్లిదండ్రులకు చెప్పిరి. మేమును అక్కడ నుంటిమి; ఎవరమును అడ్డు చెప్పలేదు. మూడవ వారములో ఆ బిడ్డ పొయ్యియొద్ద పడి చేయి కాల్చుకొనెను. ఆ మచ్చ ఇప్పటికిని ఉన్నది. దానిలో మా మౌనమునకును పాలున్నది. అందుచేతనే ఈ పాఠము.

1. ఈ రోగము ఏది? ఏది కాదు?

మన మెదడులోని కణములు సన్నని విద్యుత్ ప్రవాహము ద్వారా పనిచేయుచుండును. ఒక్కసారిగా అనేక కణములు అదుపుతప్పి పనిచేసినపుడు మూర్ఛ వచ్చును. 1924లో జర్మనీ దేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్ మనుష్యుని మెదడులోని ఈ విద్యుత్తును మొదటిసారి కాగితముపై గీతలుగా నమోదు చేసెను. నేడు ఆసుపత్రులలో చేయు ఇ.ఇ.జి. పరీక్ష అదియే. జ్వరము మొదలగు తక్షణ కారణము లేకుండ మూర్ఛలు మరల వచ్చినపుడు వైద్యులు సాధారణముగా దానిని మూర్ఛరోగమందురు. ప్రపంచములో ఇంచుమించు 5 కోట్లమందికి ఇది యున్నది.

కాన్పు సమయమున బిడ్డకు ప్రాణవాయువు అందకపోవుట, తలకు దెబ్బ, మెదడువాపు, వంశలక్షణములు దీనికి కారణములు కావచ్చును. మన దేశములో మరియొక కారణము కలదు: బద్దెపురుగు గ్రుడ్లు చేతులద్వారాను, కడుగని కూరగాయలద్వారాను కడుపులోనికి పోయి, వాటి పిల్లలు మెదడులో తిత్తులు కట్టుట. మాంసము ముట్టనివారికిని ఇది రావచ్చును. అనేకులలో కారణము కనబడనే కనబడదు. ఇది అంటువ్యాధి కాదు. నురుగు తగిలినంత మాత్రమున రాదు.

ఇది దయ్యమా యని కొందరు అడుగుదురు. ఈ భాగములోని పిల్లవానిని గూర్చి మార్కు అపవిత్రాత్మ యని వ్రాసిన మాట నిజమే. అయితే మత్తయి 4వ అధ్యాయము 24వ వచనము తెరచి చూడుడి. అక్కడ దయ్యము పట్టినవారు వేరుగను, చాంద్రరోగులు వేరుగను చెప్పబడిరి. చంద్రుని వలన ఈ రోగము కలుగునని ఆ కాలపువారు తలంచుటచే ఆ పేరు వచ్చినది. కావున మూర్ఛ వచ్చిన ప్రతి బిడ్డను దయ్యము పట్టినదనుటకు వాక్యము మనకు సెలవీయలేదు. తల్లిదండ్రుల పాపమా యని అడుగువారు యోహాను 9వ అధ్యాయము చదువుకొనవలెను. పుట్టు గ్రుడ్డివాని విషయమై శిష్యులు ఆ ప్రశ్నయే వేయగా ప్రభువు దానిని త్రోసివేసెను.

2. తండ్రి సాక్ష్యము

మూర్ఛ వచ్చునప్పుడు వైద్యుడు అక్కడ నుండడు, చూచినది తల్లిదండ్రులే. కనుక ఒక నోటుపుస్తకము పెట్టుకొనుడి. తేదీ, సమయము, ఎన్ని నిమిషములు, ఏ చేయి మొదట కదలెను, కన్నులు ఏ వైపు తిరిగెను, ముందురాత్రి నిద్ర యుండెనా, మాత్ర మరచితిమా అని వ్రాయుడి. చేతనైనచో సెల్‌ఫోనులో చిత్రము తీసి వైద్యునికి చూపుడి.

అన్ని మూర్ఛలును నేలపడి కొట్టుకొనునవి కావు. కొందరు పిల్లలు కొన్ని క్షణములు కన్నులార్పక శూన్యములోనికి చూచి, ఏమియు ఎరుగనట్లు మరల పాఠము వినుదురు. దినమునకు అనేకసార్లు ఇట్లు జరుగవచ్చును. పరధ్యానమని ఉపాధ్యాయులు దండింతురు. సండేస్కూలు బోధకులు ఈ సంగతి తెలిసికొనవలెను. ఆరు నెలలు మొదలు అయిదు సంవత్సరముల వయస్సువరకు జ్వరముతో వచ్చు ఫిట్స్ వేరు. అట్టి పిల్లలలో అధికులకు తరువాత మూర్ఛరోగము రాదు. అయినను వైద్యునికి చూపవలెను.

3. నిప్పు, నీళ్లు

ఆ తండ్రి చెప్పిన రెండు అపాయములు నేటికిని అవే. ఈ బిడ్డలను ఒంటరిగా బావికి, చెరువుకు, కాలువకు పంపకూడదు. స్నానాల గదికి లోపల గడియ పెట్టనీయకూడదు. పొయ్యియొద్ద ఒంటరిగా నుంచకూడదు. అంతమాత్రముచేత బడి మాన్పించి మూలను కూర్చుండబెట్టవలెనని కాదు. వీరిలో అనేకులు చక్కగా చదువుకొందురు, ఆడుకొందురు.

మూర్ఛ వచ్చినపుడు ఇట్లు చేయుడి. బిడ్డను పక్కకు త్రిప్పి పరుండబెట్టుడి. తలక్రింద మెత్తని బట్ట పెట్టుడి. మెడయొద్ద బిగువు సడలింపుడి. గడియారము చూడుడి. నోటిలో చెంచా గాని, వ్రేలు గాని, నీళ్లు గాని పెట్టకూడదు. కాళ్లు చేతులు అదిమిపట్టకూడదు. చేతిలో తాళపుచెవులు పెట్టుట, ఉల్లిపాయ వాసన చూపుట, వాతలు పెట్టుట వలన మేలేమియు లేదు. చాలవరకు రెండు మూడు నిమిషములలో అదియే ఆగును. అయిదు నిమిషములు మించినను, తెలివి రాకముందే మరల వచ్చినను, దెబ్బ తగిలినను, అది మొట్టమొదటి మూర్ఛయైనను వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను.

4. మందును ప్రార్థనయు

తగిన మందు క్రమముగా వాడినయెడల నూటికి 70మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరు. 1912నుండి వాడుకలోనున్న ఫినోబార్బిటోన్ మొదలు నేటి క్రొత్త మందులవరకు వైద్యునియొద్ద అనేకము లున్నవి. మందులకు లొంగనివారిలో కొందరికి శస్త్రచికిత్సయు, వైద్యుని పర్యవేక్షణలో ప్రత్యేకాహారమును మేలు చేయును.

అయితే మందు ప్రతిదినము, అదే వేళకు వేయవలెను. హఠాత్తుగా మానినచో మూర్ఛ ఆగకుండ వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. రెండు సంవత్సరములు మూర్ఛ రాని పిల్లలకు మందు తగ్గించు విషయము వైద్యుడు ఆలోచించును. అదియు కొద్దికొద్దిగా తగ్గించును. ఆ నిర్ణయము వైద్యునిది గాని కూడికది కాదు. నిద్ర చెడుటయు కొందరిలో మూర్ఛను రేపును. గనుక రాత్రి జాగరణ ప్రార్థనలకు, ఉపవాసములకు ఈ బిడ్డలను బలవంతపెట్టకుడి.

మాత్ర వేయుచు ప్రార్థించుట అవిశ్వాసము కాదు. లూకా వైద్యుడని కొలొస్సయుల పత్రికయే చెప్పుచున్నది. ఈ తండ్రియు తన నమ్మకము చాలదని కన్నీళ్లతో ఒప్పుకొనెను. ప్రభువు అతనిని గద్దింపలేదు. నిత్యము ఎనిమిది గంటలకు మాత్ర వేయు తల్లి చేతిలో మనము అవిశ్వాసమును గాక నమ్మకమునే చూడవలెను.

5. సంఘము చేయవలసినది

ప్రభుత్వము 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలను పరీక్షించు ఏర్పాటున్నది. అందులో మూర్ఛయు చేరియున్నది. తెలియని కుటుంబములకు తెలుపుడి. ఆసుపత్రికి తోడు వెళ్లుడి. మందుల ఖర్చు భరింపలేనివారిని గుర్తించుడి. ఆడపిల్లకు ఈ రోగమున్నదని చెప్పిన సంబంధములు రావని తల్లిదండ్రులు దాచి పెట్టుచున్నారు. ఆ దాపరికమునకు మన గుసగుసలే కారణము.

ఆ చేయి కాలిన బాలిక మరల మందు వాడుచున్నది, బడికి పోవుచున్నది. మొన్న ఆదివారము పాఠభాగము చదువుటకు ఆమె నిలిచినపుడు, ముందు వరుసలో ఆమె తండ్రి కూర్చుండి యుండెను. ఇన్ని యేండ్లలో ఆ తండ్రిని ఇది ఎంత కాలమునుండి యున్నదని మేము ఒక్కసారియైనను అడుగలేదు. కూడిక ముగిసిన తరువాత అడిగితిమి. ఆయన చాలసేపు చెప్పెను, మేము వింటిమి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన వీధిలో మూర్ఛరోగముగల బిడ్డ ఎవరైనను ఉన్నారా? ఆ తల్లిదండ్రులతో చివరిసారి ఎప్పుడు మాటలాడితిమి?
2. ఆరాధనలో బిడ్డకు మూర్ఛ వచ్చినయెడల ఏమి చేయవలెనో మన సంఘములో ఎంతమందికి తెలియును?
3. మందు మానుమని ఎవరైనను చెప్పినపుడు మనమేమి చెప్పుదుము?