టెర్రియర్ కుక్క: పుట్టుక, స్వభావము

కాపలాకు కుక్కను పెంచుట మన గ్రామములలో అనాదిగా ఉన్న ఆచారము. నేడు పట్టణములనుండి టెర్రియర్ అను విదేశీ జాతి కుక్కలు కూడ వచ్చుచున్నవి. వాటి స్వభావమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మంచిది.

లాటిను భాషలో ‘టెర్ర’ అనగా నేల. నేలలోని బొరియలలో దూరి నక్కలను, ఎలుకలను పట్టుటకై బ్రిటనులో రైతులు, వేటగాండ్రు ఈ కుక్కలను తరతరములుగా ఏరి పెంచిరి. అందుచేతనే వీటిలో పెక్కింటికి చిన్న శరీరము, గట్టి దవడలు, వెనుదీయని ధైర్యము అబ్బినవి. డెవన్ ప్రాంతపు మతగురువు జాన్ రస్సెల్ 1819లో ట్రంప్ అను ఆడకుక్కను కొని పెంచెను. జాక్ రస్సెల్ టెర్రియర్లకు ఆయన పేరే వచ్చినది.

త్రవ్వుట, తరుముట, చిన్న అలికిడికే మొరుగుట దాని దోషములు కావు. పుట్టిన పనికి కావలసిన గుణములు. పనిలేక గొలుసున కట్టివేసినచో ఆ గుణములే చిక్కులు తెచ్చును.

హైదరాబాదు తూర్పున కర్మన్‌ఘాట్, మన్సూరాబాద్, నాగోల్ ఒకప్పుడు పొలములుగల గ్రామములే. ఎల్‌బీ నగర్ పురపాలక సంఘము 2007లో మహానగరమున విలీనమైనది. పొలములున్నచోట అపార్టుమెంట్లు లేచినవి. అచ్చట రెండు గదులలో పెరుగు టెర్రియరుకు బొరియ లేదు, పొలము లేదు. దినమును త్రిప్పి ఆడించు తీరికలేనివారు దానిని తేరాదు. నగరము సమీపించుచున్న ప్రతి గ్రామమునకును ఈ మాట వర్తించును.

పని పోయిన జాతి ఏమగునో కొల్లేటి పరిసరముల జోనంగిని చూచిన తెలియును. పొట్టి వెంట్రుకలు, నుదుటిపై ముడుతలు గల ఈ కుక్క గొయ్యి త్రవ్వుకొని పడుకొనును. బాతుల మందలను కాచెడిది. చేపల చెరువులు పెరిగి బాతుల పెంపకము తగ్గుటతో దానికి ఆదరణ తగ్గి, సంఖ్య క్షీణించినది. ఊరి జాతిని కాపాడుకొనుటయు మన బాధ్యతయే.

జాతి ఏదైనను రేబిస్ టీకా తప్పదు. వీధికుక్కలకు గర్భనిరోధక శస్త్రచికిత్స, టీకాలు వేయించు బాధ్యతను 2023 నాటి కేంద్ర నియమములు స్థానిక సంస్థలపై ఉంచినవి. కుక్క కరచిన వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి, ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. వ్యాధి లక్షణములు పొడసూపిన పిమ్మట ప్రాణము దక్కుట అత్యంత అరుదు. పసరు వైద్యములను నమ్మి కాలము గడపరాదని సభ్యులు గ్రామసభలో తెలియజేయుదురుగాక.