కంటి రంగు

పల్నాటి సీమలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ప్రసిద్ధి చెందిన పట్టణం. సున్నపురాయిని కాల్చి సున్నంగా మార్చే ఆ ఊరికి తెలుపే గుర్తు. మనిషి కంటికి మాత్రం తెలుగువారు నలుపును గుర్తుగా ఎంచుకున్నారు. కంటి నడుమ భాగాన్ని ‘నల్లగుడ్డు’ అన్నారు. పరికించి చూస్తే అది పూర్తిగా నల్లనిది కాదు. నట్టనడుమ ఉన్న కనుపాప మాత్రమే నల్లగా ఉంటుంది. అది కాంతి లోపలికి ప్రవేశించే రంధ్రం. దాని చుట్టూ ఉంగరం వలె అమరిన పొర పేరు ఐరిస్. కంటి రంగు అంటే ఈ ఐరిస్ రంగే. తెలుగువారిలో అధిక సంఖ్యాకులకు అది ముదురు గోధుమవన్నెలో ఉంటుంది. కొందరికి తేనెరంగులోనూ, అరుదుగా ఆకుపచ్చ, బూడిద ఛాయలలోనూ కనిపిస్తుంది.

ఈ వైవిధ్యానికి మూలం మెలనిన్ అనే వర్ణకం. చర్మానికీ, వెంట్రుకలకూ వన్నెనిచ్చేది కూడా అదే. ఐరిస్ వెనుక పొరలో ఈ వర్ణకం దాదాపు అందరికీ సమృద్ధిగా ఉంటుంది. భేదమంతా ముందు పొరలోనే. అక్కడ వర్ణకం ఎక్కువైతే కన్ను గోధుమరంగులోనూ, తగ్గితే తేనెరంగులోనూ, మిక్కిలి తగ్గితే నీలంగానూ కనిపిస్తుంది. నీలికళ్ళలో నీలి వర్ణకమేదీ లేదు. ఆకాశానికి నీలిమను ప్రసాదించే కాంతి పరిక్షేపణమే ఆ కళ్ళకూ నీలిమనిస్తుంది.

కంటి రంగు వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది. అమెరికాకు చెందిన డావెన్‌పోర్ట్ దంపతులు 1907లో దీనికి ఒక సులభ సూత్రం చెప్పారు. గోధుమరంగు బహిర్గత లక్షణం, నీలం అంతర్గత లక్షణం. కనుక నీలికళ్ళ దంపతులకు గోధుమకళ్ళ బిడ్డ పుట్టదు. ఈ సూత్రం చిరకాలం పాఠ్యగ్రంథాలలో నిలిచింది. తరువాతి పరిశోధనలు అది అసంపూర్ణమని తేల్చాయి. పదిహేనవ క్రోమోజోముపై ఉన్న రెండు జన్యువులకు ఇందులో ముఖ్య పాత్ర ఉన్నదని 2008లో కోపెన్‌హాగన్ శాస్త్రవేత్తలు వివరించారు. దాదాపు 1,95,000 మందిని పరిశీలించిన 2021 నాటి అధ్యయనం కంటి రంగుతో సంబంధమున్న 61 జన్యు ప్రాంతాలను గుర్తించింది. కనుక తల్లిదండ్రుల కళ్ళకు భిన్నమైన కళ్ళతో బిడ్డ జన్మించడం ప్రకృతి విరుద్ధం కాదు.

ఈ సత్యం తెలియక సమాజం కొన్ని అన్యాయాలకు పాల్పడుతుంది. లేతరంగు కళ్ళున్న బాలికను ‘పిల్లికళ్ళు’ అని తోటివారు ఎగతాళి చేస్తారు. బిడ్డ కళ్ళు ఎవరినీ పోలలేదంటూ తల్లి శీలాన్ని శంకించేవారూ ఉంటారు. రవ్వంత వర్ణకం ఒకరి గుణానికి గాని, ఒకరి నడవడికి గాని సాక్ష్యం కాజాలదు.

పుట్టుకతో వచ్చిన రంగుకు వెరవనక్కరలేదు. వెరవవలసినది నడుమ వచ్చే తెలుపునకు. ఐరిస్‌కు ముందు కార్నియా అనే పారదర్శకమైన పొర ఉంటుంది. గాయం వల్లనో, వ్యాధి వల్లనో అది తెల్లబడితే చూపు మసకబారుతుంది. దానినే ‘కంటిలో పువ్వు’ అంటారు. సున్నం ఘాటైన క్షారం. అది కంటిలో పడితే కార్నియాను త్వరగా దహిస్తుంది. అందువల్ల సున్నపు బట్టీలున్న పిడుగురాళ్ల వంటి ఊళ్ళలో ఈ జాగ్రత్త అందరికీ తెలిసి ఉండాలి. కన్ను నలపకుండా వెంటనే మంచినీటి ధారతో చాలాసేపు కడగాలి. ఆలస్యం చేయక వైద్యుని చేరాలి.

చెడిన కార్నియా స్థానంలో నేత్రదాతల కార్నియాను అమర్చవచ్చు. 1987లో హైదరాబాదులో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2023 నాటికి ఇటువంటి చికిత్సలు 50,000 పూర్తి చేసింది. దాత కళ్ళు ఏ రంగువైనా స్వీకర్త కంటి రంగు మారదు. ఎందుకంటే కార్నియాకు రంగే లేదు. మనుషులను వేరుచేసి చూపే వన్నె ఐరిస్‌కే పరిమితం. ఒకరి నుండి మరొకరికి అందే చూపునకు వర్ణభేదం లేదు.