అంచున నిలిచే ఆటగాడు

ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని గనులలోను, మిల్లులలోను పనిచేసే కార్మికులు శనివారం మధ్యాహ్నాలలో ఆడుకొన్న ఆట రగ్బీ. ఆట కోసం పని మానితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలికి పరిహారం ఇవ్వవచ్చునా, కూడదా అన్న వివాదం ముదిరి, 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బుల ప్రతినిధులు సమావేశమయ్యారు. పాత సంఘం నుంచి విడిపోతున్నట్లు ప్రకటించారు. అలా ఏర్పడిన కొత్త శాఖే తరువాతి కాలంలో రగ్బీ లీగ్‌గా ప్రసిద్ధి పొందింది. పాత శాఖను రగ్బీ యూనియన్ అంటారు. యూనియన్‌లో జట్టుకు 15 మంది. లీగ్‌లో 1906 నుంచి 13 మంది.

ఈ ఆటలో బంతిని చేతపట్టుకొని ప్రత్యర్థి గీత దాటి నేలకు తాకించడాన్ని ట్రై అంటారు. దానికి 1983 నుంచి నాలుగు పాయింట్లు లభిస్తున్నాయి. బంతి పట్టుకొన్నవానిని ఒడిసిపట్టి పడగొట్టడం టాకిల్. ఒక జట్టు ఆరుసార్లు టాకిల్‌కు గురైతే బంతిని ఎదుటి జట్టుకు అప్పగించవలసిందే. అందువల్ల ఆరవ టాకిల్ రాకముందే బంతిని తన్ని ప్రత్యర్థి గీత వైపు పంపడం వాడుక. ఆట గురించి ఇంతమాత్రం తెలిస్తే చాలు, ఇక మైదానపు అంచుకు వెళ్ళవచ్చు.

ఆ అంచున, పార్శ్వరేఖను ఆనుకొని, ఇరువైపులా ఒక్కొక్కడు నిలుస్తాడు. అతడు వింగర్. ఇతడు ప్రాయికంగా జట్టులో అందరికంటె వేగంగా పరుగెత్తగలవాడు. మైదానం నడుమ నుంచి చేతులు మారుతూ వచ్చిన బంతి చివరకు ఇతనిని చేరుతుంది. ట్రై సాధించి మూలన పడి లేచే వింగర్ చిత్రమే మరునాటి పత్రికలో కనిపిస్తుంది. బంతి ప్రత్యర్థి చేతిలో ఉన్నప్పుడు ఇతడేం చేస్తున్నాడన్నది మాత్రం చూసేవారు తక్కువ.

1987లో లండన్‌లోని రాస్లిన్ పార్క్ అనే యూనియన్ క్లబ్బు నుంచి మార్టిన్ ఆఫయా అనే యువకుడిని విడ్నెస్ జట్టు శిక్షకుడు డగ్ లాటన్ తీసుకొనివచ్చాడు. విడ్నెస్ రసాయన కర్మాగారాలకు పేరుపడిన పట్టణం. లండన్‌లో పుట్టిన, నైజీరియా మూలాలు గల ఆ యువకుడు అక్కడివారికి పూర్తిగా కొత్తవాడు. మొదటి సీజన్‌లోనే అతడు ఆ ఏటి ట్రైల పట్టికలో అగ్రస్థానాన నిలిచాడు. విడ్నెస్ విజేత అయింది. ఉత్తమ క్రీడాకారునికి ఇచ్చే ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ పురస్కారం 1988లో అతనికే దక్కింది. అభిమానులు అతనికి ‘చారియట్స్’ అని ముద్దుపేరు పెట్టారు. ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ అన్న ప్రసిద్ధ చలనచిత్రం పేరులోని చివరి రెండు మాటలు కలిపి పలికితే ‘ఆఫయా’ వలె వినిపిస్తుంది. శ్లేష తెలుగువారి సొత్తు మాత్రమే కాదు!

అతని పరుగును మెచ్చుకొన్నవారే అతని టాకిల్‌ను శంకించారు. బంతి చేతికందితే ఆపలేరు, ఎదుటివాని చేతికందితే ఇతడు ఆపలేడు అన్న మాట అతనిని చాలాకాలం వెంబడించింది. ఈ విమర్శలో నిజం లేకపోలేదు. కాని, దానిని ధైర్యం చాలకపోవడంగా అర్థం చేసుకొన్నవారు వింగర్ పనిని సరిగా గమనించలేదనే చెప్పాలి.

దాడి చేసే జట్టు మైదానం నడుమ రెండు మూడుసార్లు ఢీకొని, రక్షకులను అటువైపు గుమికూడేట్లు చేస్తుంది. ఆపై బంతిని వేగంగా అంచుకు తరలిస్తుంది. అప్పుడు అంచున రక్షకులు ఇద్దరైతే, దూసుకొని వచ్చేవారు ముగ్గురుంటారు. వింగర్ ముందు రెండే దారులు. లోపలికి దూకి బంతి పట్టుకొన్నవానిని పాసు ఇవ్వకముందే కూల్చాలి. లేదా తన స్థానంలోనే ఉండి, పార్శ్వరేఖను తోడు చేసుకొని, వెనుకనున్నవారు వచ్చి చేరేదాకా ప్రత్యర్థిని అంచువైపు నెట్టుకొంటూ పోవాలి. లోపలికి దూకినప్పుడు బంతి అతని చేతుల మీదుగా దాటిపోతే వెనుక అంతా ఖాళీ మైదానమే. అంచునే ఆగినప్పుడు లోపలి సెంటర్ ఒంటరివాడైపోతే వారిద్దరి నడుమ సందు తెరుచుకొంటుంది. ఏది సరైనదో ముందుగా చెప్పే సూత్రం లేదు. లోపలివాడు ఏం చేయబోతున్నాడో తెలిస్తేనే బయటివాడు ఏం చేయాలో తేలుతుంది. అందుకే మంచి రక్షకులు ఆడుతున్నంతసేపు ఒకరినొకరు కేకలతో హెచ్చరించుకొంటారు. కబడ్డీలో మూల ఆటగాడు తొందరపడి ముందే రైడర్ కాలికి దూకినా, పక్కవాడు గొలుసు విడిచినా రైడర్ గీత దాటిపోతాడు. ఇక్కడ జరిగేదీ దాదాపు అదే. చూసేవారికి మాత్రం చివర చేయి చాచి విఫలుడైన వింగర్ ఒక్కడే కనిపిస్తాడు. నాలుగు పాసుల ముందు లోపల ఎవరు తడబడ్డారో గుర్తుండదు.

ఆఫయాకు ఈ విద్య కొత్త. యూనియన్‌లో టాకిల్ అయిన తరువాత కూడా బంతి కోసం ఇరుపక్షాలు పెనుగులాడతాయి. లీగ్‌లో ఆ పెనుగులాట లేదు. పడినవాడు లేచి బంతిని మడమతో వెనుకకు దొర్లిస్తాడు. రక్షణ జట్టు నిర్ణీత దూరం వెనుకకు జరిగి, తిరిగి వరుస కట్టి ముందుకు రావాలి. ఆ దూరం మొదట ఐదు మీటర్లు, తరువాత పది మీటర్లయింది. ఈ రాకపోకలు ఆట ముగిసేదాకా ఆగవు. వరుసలో ఒక్కడు అడుగు వెనుకబడినా ఆ చోటు పగులుగా మారుతుంది. ఇరవై ఏళ్ళు దాటిన తరువాత ఈ ఆటలోకి వచ్చినవాడు బాల్యం నుంచి ఆడినవారితో సమానంగా ఆ లయను ఒక్క ఏటిలో అందుకోగలడా?

దీనికి మరొక కారణం అతని వేగమే. నెమ్మదిగా పరుగెత్తే వింగర్ సరైన చోట నిలవడం త్వరగా నేర్చుకొంటాడు. నేర్చుకోకపోతే అతనికి జట్టులో చోటుండదు. వేగవంతుడు అలా కాదు. తప్పు చోట నిలిచినా, ఆలస్యంగా కదిలినా, వెనుక నుంచి తరిమి అందుకోగలడు. పది తప్పులలో ఎనిమిదింటిని అతని కాళ్ళు కప్పివేస్తాయి. కనుక ఆ తప్పులు తప్పులుగా అతనికే తోచవు. తన కంటె బరువైన సెంటర్ సూటిగా మీదికి వచ్చినప్పుడో, తనంత వేగి ఎదురైనప్పుడో మిగిలిన రెండు బయటపడతాయి. యువ వింగర్లలో చాలామంది బలహీనత ఇలాగే వారి బలం నీడలో పెరుగుతుంది. శిక్షకునికి ఇది చిక్కు సమస్య. ట్రైలు సాధిస్తున్నవానిని పక్కన కూర్చోబెట్టలేడు, అలాగని లోపాన్ని చూస్తూ ఊరకుండలేడు.

ఎత్తుగా తన్నిన బంతి మరొక పరీక్ష. తన్నే సమయం దగ్గరపడగానే వింగర్ వరుస విడిచి వెనుకకు జరగాలి. ముందే జరిగితే అంచు ఖాళీ, ఆలస్యమైతే బంతి వెనుక పడుతుంది.

వేగం, రక్షణ రెండూ ఒకచోట ఉండవని అనుకొంటే అదీ పొరపాటే. కార్డిఫ్‌లో పుట్టి 1953లో విగన్ జట్టులో చేరిన బిల్లీ బోస్టన్ 571 ట్రైలు సాధించాడు. అంతటి వేగవంతుడు లోపలికి దూసుకొని వచ్చి ఢీకొంటే ప్రత్యర్థి సెంటర్లు బెదిరేవారు. అయితే అతడు దృఢకాయుడు. సన్నని శరీరం గల ఆఫయా నుంచి అదే తీరును ఆశించడం న్యాయం కాదు. అతనికి తగినది ఢీకొట్టడం కాదు, దారి మూయడం.

అంచున తెరుచుకొనే ఒక్క సందు విలువ ఎంతో 1992 అక్టోబరు 24న వెంబ్లీ మైదానంలో తెలిసింది. అది బ్రిటన్, ఆస్ట్రేలియాల ప్రపంచ కప్పు అంతిమ పోటీ. ప్రేక్షకులు 73,631 మంది. ద్వితీయార్ధం వరకు బ్రిటన్ ఆధిక్యంలో ఉంది. అప్పుడు కెవిన్ వాల్టర్స్ అందించిన బంతితో స్టీవ్ రెనూఫ్ మూలవైపు దూసుకొనిపోయాడు. ఆ మ్యాచ్ మొత్తంలో నమోదైన ట్రై అదొక్కటే. ఆస్ట్రేలియా 10–6తో గెలిచింది. బ్రిటన్ వింగర్లలో ఆఫయా ఒకడు. ఆ ట్రైని అతని ఖాతాలో వేయలేము గాని, అంచున ఒక్క టాకిల్ తప్పితే ప్రపంచ కప్పే చేజారుతుందని ఆ జట్టులో అందరికీ అర్థమై ఉంటుంది.

ఆ ఏడాది జనవరిలోనే విగన్ జట్టు 4,40,000 పౌండ్లు చెల్లించి ఆఫయాను కొనుక్కొంది. రగ్బీ లీగ్‌లో అప్పటికి అదే అత్యధిక మొత్తం. మే నెలలో లీడ్స్ జట్టుపై ఒక్క మ్యాచ్‌లో అతడు పది ట్రైలు సాధించాడు. 2001లో విరమించే నాటికి అతని ట్రైలు 501. బ్రయన్ బెవన్, బోస్టన్‌ల తరువాత స్థానం అతనిదే. అతడు తప్పిన టాకిళ్ళను ఎవరూ ఇలా లెక్కకట్టి పెట్టలేదు. ఈనాడైతే ప్రతి క్లబ్బులోను వీడియోలు చూసి వాటిని నమోదు చేసేవారున్నారు. ఆ లెక్క ఆనాడే ఉంటే అతని పేరుకు మచ్చ మరింత పెరిగేదో, లోపలివారి తప్పులు బయటపడి కొంత తగ్గేదో!

1994 ఏప్రిల్ 30న వెంబ్లీలో ఛాలెంజ్ కప్పు అంతిమ పోటీ. విగన్‌కు ప్రత్యర్థి మళ్ళీ లీడ్స్. తన గీతకు సమీపంలో బంతి అందుకొన్న ఆఫయా రక్షణ వరుసలోని సందు గుండా బయటపడ్డాడు. ఇక ఎదుట మిగిలినవాడు లీడ్స్ ఫుల్‌బ్యాక్ అలన్ టేట్ ఒక్కడే. టేట్ మంచి ఆటగాడు. పైగా ఒకప్పుడు విడ్నెస్‌లో ఆఫయాతో కలిసి ఆడినవాడు. ఆ కాళ్ళ వేగం ఎంతటిదో అతనికి బాగా తెలుసు. లోపలికి రావాలా, అంచును మూయాలా అన్న ప్రశ్న ఈసారి అతని ముందు నిలిచింది. టేట్ అడ్డుగా పరుగెత్తాడు. ఆఫయా పార్శ్వరేఖ వైపు వంపు తిరిగి, అతనికి అందకుండా దాటిపోయి, మూలలో బంతిని నేలకు తాకించి, అక్కడే మోకాళ్ళపై కూలబడ్డాడు.