పనిపై మనసు నిలుచుట యెట్లు?

సోలాపురపు తెలుగు కుటుంబములలో మగ్గము మాట యెరుగని విద్యార్థి అరుదు. కావున పనివానికి పనిపై ఇష్టము కలుగుట యెట్లను ప్రశ్నను మేము నేతపనినుండియే యెత్తుకొనుచున్నాము.

అహమ్మదాబాదులోని కాలికో మిల్లున 1953 నాటికి స్వయంచాలక మగ్గములు నడచుచుండెను. యంత్రములు క్రొత్తవి. అయినను నేత ఆశించినంత సాగలేదు. బట్టలో లోపములును తగ్గలేదు. ఆ యేట లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ ఆ షెడ్డును పరిశీలించెను. అచ్చట పని పండ్రెండు తెగలుగా చీలియుండెను. నేతగానికి 24 గాని 32 గాని మగ్గములు. కండెలు నింపువానికి 40 మొదలు 50 వరకు. పడుగు పెద్దయెత్తున తెగినపుడు సరిచేయువానికి ఇంచుమించు 75. ఈ లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. పడుగు సరిచేయువాడు ఏ ఒక్క నేతగానికిని తోడు కాడు; ఇద్దరు ముగ్గురి మగ్గముల నడుమ తిరుగుచుండవలెను. ఇద్దరి మగ్గములు ఒకేసారి ఆగినచో ముందెవరిది? బట్ట చెడినచో తప్పెవరిది? ఏదియు తేలదు. ఇట్టిచోట పనివారిని సోమరులని నిందించుట సులభమే గాని న్యాయము కాదు.

కొన్ని మగ్గముల పనినంతయు కొందరు కలిసి చూచుకొనుట మేలని రైస్ సూచించెను. ఆ మాట విన్న కార్మికులు ఆజ్ఞకై వేచియుండక, తమకు నచ్చినవారితో తామే జట్లు కూర్చుకొనిరి! మాకు మిక్కిలి ముచ్చట గొలుపునది ఇదియే. కొంత తడబాటు జరిగినను, పిమ్మట నేత హెచ్చెను, లోపములు తగ్గెను.

అమెరికా పండితుడు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో వెలువడిన గ్రంథమున, జీతము చాలనిచో అసంతృప్తి కలుగుననియు, చాలినంతమాత్రమున తృప్తి కలుగదనియు, తృప్తి సాధించిన పనినుండియు బాధ్యతనుండియు పుట్టుననియు వాదించెను. బాధ్యతను గూర్చిన మాటకు అహమ్మదాబాదు జట్లు మంచి సాక్ష్యము. జీతమును గూర్చిన మాటను మాత్రము మేము పూర్తిగా నంగీకరింపజాలము. ఆయన ప్రశ్నించినది ఇంజనీర్లను, లెక్కలు వ్రాయు ఉద్యోగులను. కూలిడబ్బుతో ఏ పూటకా పూట గడుపుకొనువాని యెదుట కూలిని వెనుక వరుసకు నెట్టుట తగదు.

1970 ప్రాంతమున ఎరిక్ మిల్లర్ ఆ మిల్లును మరల పరిశీలించెను. జట్టుపద్ధతి ఒకచోట చాలవరకు నిలిచియుండెను, మరియొకచోట మాసిపోయియుండెను.

విద్యార్థులు ఇంటిలో పెద్దలను ఒక్క ప్రశ్న అడిగి వ్రాసికొని రావలెను: మగ్గము ఆగినపుడు వారు ఎవరిని పిలుతురు? ఆ వచ్చువాడు ఎవరి మనిషి?